హెచ్3 ఎందుకు?

"స్టాక్‌ఫిష్ ఉచితంగా దొరుకుతుంటే పదేళ్ల మా బాబుకి డబ్బు పోసి కోచ్‌ని పెట్టడం ఎందుకు?" అని మీరు అడిగారు. స్టాక్‌ఫిష్ అంటే చెస్‌లో ఏ ఎత్తు మంచిదో లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఇలాంటి వాటినే ఇంజిన్ అంటారు. నేను కోచ్‌ని కాదండీ, చెస్ ఆడే పాపకి నాన్నని. నాలుగేళ్లుగా టోర్నమెంట్ హాళ్ల బయట కూర్చుంటున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఇంజిన్ చాలు. కానీ ఆట అవ్వగానే దాన్ని తెరవకండి.

కిందటి ఏడాది ఒక టోర్నీలో మా పాప గెలిచే ఆట పోగొట్టుకుంది. తెల్లపావులు తనవి. ఈ3 గడిలో ఉన్న మంత్రితో ఏ7 బంటుని తినేసింది (అక్షరం నిలువు వరుసకి, అంకె అడ్డ వరుసకి గుర్తు). ఎదుటి పిల్లవాడి ఏనుగు సి8 నుంచి సి1కి దిగింది. రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా ఉన్నాయి, తప్పించుకోవడానికి గడి లేదు. మేట్, అంటే రాజు చిక్కిపోయి ఆట ముగిసింది.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి, రెండు నిమిషాల్లో ఆటంతా జరిపేసింది. "నాన్నా, ఇక్కడ హెచ్3 ఆడాలంట" అంది. ఎందుకమ్మా అంటే, "ఇంజిన్ చెప్పింది."

లాప్‌టాప్ మూసేసి బోర్డు పరిచాను. హెచ్3 ఆడకపోతే ఏమవుతుందో నువ్వే నల్లపావులతో ఆడి చూపించమన్నాను. పది నిమిషాలు బోర్డు వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత తనే ఏనుగుని సి1లో పెట్టి, హెచ్ బంటుని ఒక గడి ముందుకి జరిపి, రాజుని హెచ్2కి తీసుకెళ్లింది. "ఓహ్, రాజుకి కిటికీ తెరవడమా!" అంది. ఆ తర్వాత వెనక వరుసలో మేట్ అయిన ఆట ఒక్కటీ లేదు.

కోచ్‌ల సంగతి కూడా చెప్పాలి. మాకు ఆన్‌లైన్‌లో చెప్పిన ఒకాయన నెలనెలా ఫీజు తీసుకుని, ఇదే ఇంజిన్ ఇచ్చిన రిపోర్టుని పీడీఎఫ్ చేసి పంపేవారు. ప్లస్ 0.8, మైనస్ 2.3 అన్న అంకెలు తప్ప ఒక్క వాక్యం కూడా ఉండేది కాదు. ప్లస్ 1 అంటే సుమారుగా ఒక బంటు ఎక్కువున్నంత బలం అని కూడా పాపకి ఎవరూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపమే. గ్లౌరంగ్ అనే ప్రోగ్రామ్ నుంచి 2008లో పుట్టి, ఎంతోమంది కోడ్ రాసి పెంచిన ఇంజిన్ అది. ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ తెరిచి చూడొచ్చు. అది రాసిచ్చిన దానికి మళ్లీ డబ్బులా?

కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి స్టాక్‌ఫిష్ లేదు. ఆమెకి చెస్ నేర్పింది నాన్నే. పక్కన కూర్చుని "ఎందుకు?" అని అడిగే మనిషి పిల్లలకి కావాలి. ఆ మనిషి మీరే అవ్వొచ్చు, మీకు ఆట పెద్దగా రాకపోయినా సరే.

ఇంకొకటి. దాని స్థాయి తగ్గించి బాబుతో ఆడించకండి. పది ఎత్తులు మహాబాగా ఆడి, ఉన్నట్టుండి గుర్రాన్ని ఊరికే ఇచ్చేస్తుంది. మనుషులు అలా ఆడరు. పక్క వీధి పిల్లలతో ఆడించండి.

ఇప్పుడు మా పాప, ఆడిన ఎత్తులన్నీ రాసుకునే స్కోర్‌షీట్ మీద తనకి అనుమానం వచ్చిన ఎత్తు పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెడుతుంది. ఆ ఎత్తుల గురించి ఇద్దరం బోర్డు మీద వాదించుకున్నాకే లాప్‌టాప్ తెరుస్తాం. మొన్న ఆదివారం ఆటలో ఆరు గుర్తులు పెట్టింది. వాటిలో నాలుగు ఇంజిన్ కూడా తప్పన్నవే.