సివిల్ వార్ అయ్యి 160 ఏళ్ళయినా అమెరికాలో బ్లాక్ వాళ్ళు ఇంకా ఎందుకు వెనకబడే ఉన్నారు?

ప్రశ్న అడిగినాయన కింద ఇంకో ముక్క కూడా కలిపారు, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు 1861 నుంచి 1865 దాకా కొట్టుకున్న ఆ యుద్ధం అసలు బానిసల గురించి కాదట, రాష్ట్రాల హక్కుల గురించట, ఆఫీసులో ఎవరో చెప్పారంట, నిజమేనా అని. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. పదేళ్ళ పైనుంచి జార్జియాలో ఉంటున్నా, అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇల్లు కొనుక్కున్నా, అంతే నా క్వాలిఫికేషన్.

ముందు ఆ రాష్ట్రాల హక్కుల సంగతి తేల్చేద్దాం, ఎక్కువ టైం పట్టదు. దేశం నుంచి ఎందుకు విడిపోతున్నామో ఆ దక్షిణాది రాష్ట్రాల వాళ్ళే కాగితం మీద రాసి పెట్టారండీ. మిసిసిపీ వాళ్ళయితే మొదట్లోనే, మా వ్యవహారమంతా బానిసత్వంతోనే ముడిపడి ఉందని రాసుకున్నారు. మా జార్జియా ఆయనే, కాన్ఫెడరసీకి, అంటే విడిపోయిన ఆ రాష్ట్రాల కూటమికి, వైస్ ప్రెసిడెంట్ అయిన అలెగ్జాండర్ స్టీఫెన్స్, 1861 మార్చి 21న సవానాలో స్పీచ్ ఇస్తూ, నల్లవాడు తెల్లవాడికి సమానం కాదన్నదే మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు, దాపరికం ఏం లేదు. పైగా 1850లో పారిపోయిన బానిసల్ని పట్టిచ్చే చట్టం వచ్చినప్పుడు ఉత్తరాది రాష్ట్రాలు మేం సహకరించం అంటే, కుదరదు, సెంట్రల్ గవర్నమెంట్ బలవంతంగానైనా పట్టించి ఇవ్వాల్సిందే అని పట్టుబట్టింది ఇదే దక్షిణాది వాళ్ళు, అప్పుడు రాష్ట్రాల హక్కులు ఎటు పోయాయో మీ ఆఫీసాయన్ని ఒకసారి అడగండి. 1860 లెక్కల్లో దేశం మొత్తం మీద బానిసలు 40 లక్షలకి దగ్గర, ఒక్క జార్జియాలోనే 4 లక్షల 62 వేలు, అంటే రాష్ట్రంలో నూటికి 44 మంది. వాళ్ళని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకునేవాళ్ళు, వీలునామాలో పిల్లలకి వాటాలేసి పంచేవాళ్ళు. ఆస్తి అది. ఆ ఆస్తి కోసం చేసిన యుద్ధంలో 6 లక్షల మంది పైనే పోయారు.

సరే, యుద్ధం అయింది, 1865 డిసెంబర్‌లో రాజ్యాంగానికి చేసిన 13వ సవరణతో బానిసత్వం పోయింది. పోయాక వాళ్ళ చేతిలో ఏముంది? ఇక్కడే అసలు సంగతి. 1865 జనవరిలో ఉత్తరాది సైన్యం జనరల్ షెర్మన్ సవానాలో ఒక ఆర్డర్ ఇచ్చాడు, సముద్రం ఒడ్డున ఉన్న భూముల్ని విడుదలైన కుటుంబాలకి 40 ఎకరాల దాకా పంచమని. ఆ జూన్‌కల్లా ఓ 40 వేల మంది ఆ భూముల్లో దిగి సాగు మొదలుపెట్టారు. ఈలోగా లింకన్ని చంపేశారు, తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకి క్షమాభిక్ష పెట్టి అదే ఏడాది ఆ భూములు తిరిగి వాళ్ళకే ఇప్పించాడు. దున్నినవాళ్ళు ఎటు పోతారు, మళ్ళీ అదే దొర పొలంలో పంటలో వాటా ఇచ్చే కౌలుకి చేరారు, విత్తనాలకీ తిండికీ అదే దొర దగ్గర అప్పు.

అయినా కూడబెట్టి భూమి కొన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకేమైందో నాకు మా నాన్న వల్ల తెలిసింది, నవ్వకండి.

నాన్న మన దగ్గర రెవెన్యూలో చేసి రిటైరయ్యాడు. ఇక్కడికొచ్చిన వారానికే ఇంటి కాగితాలు చూపించమన్నాడు. ఆ క్లోజింగ్ ఫైలు మొత్తం కళ్ళజోడు పెట్టుకుని తిరగేసి, "ఒరేయ్, లింకు డాక్యుమెంట్లేవి? నీకు బిల్డర్ అమ్మాడు, బిల్డర్‌కి ఎవరమ్మారు, వాడికి ఎట్లా వచ్చింది?" అన్నాడు. లాయర్ చూసుకుంటాడు నాన్నా, టైటిల్ ఇన్సూరెన్స్ కూడా ఉంది అన్నా. "అనుమానం లేకపోతే ఇన్సూరెన్స్ ఎందుకు చేస్తార్రా" అన్నాడు. దానికి నా దగ్గర ఆన్సర్ లేదు.

ఓ ఆదివారం ఊరికే తిరుగుదామని మా కౌంటీలోని కమింగ్ టౌన్‌లో స్క్వేర్ దగ్గరికి తీసుకెళ్ళా. అక్కడ 2021లో పెట్టిన ఒక ఫలకం ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ రోడ్డు మీదే వెళ్తున్నా, ఒక్కసారీ ఆగి చదవలేదు. నాన్న ఆగాడు, చదివి చెప్పమన్నాడు. 1912 సెప్టెంబర్‌లో ఒక తెల్లమ్మాయి మీద దాడి జరిగింది, అనుమానం మీద రాబ్ ఎడ్వర్డ్స్ అనే బ్లాక్ అతన్ని జైల్లో పెడితే, గుంపు జైలు మీద పడి చంపి, స్క్వేర్‌లోనే స్తంభానికి వేలాడదీసింది, కేసు లేదు కోర్టు లేదు. ఇంకో ఇద్దరు బ్లాక్ కుర్రాళ్ళని, అందులో ఎర్నెస్ట్ నాక్స్‌కి 16 ఏళ్ళు, ఒక్కరోజు విచారణతో తేల్చి అక్టోబర్ 25న ఉరి తీశారు, వేలమంది వచ్చి చూశారట. ఆ తర్వాత తెల్లవాళ్ళ గుంపులు రాత్రిళ్ళు గుర్రాల మీద తిరుగుతూ బ్లాక్ వాళ్ళ ఇళ్ళ మీద కాల్పులు, చర్చిలకి నిప్పు, ఇన్ని గంటల్లో ఖాళీ చెయ్యండని బెదిరింపులు. 1910 లెక్కల్లో ఈ కౌంటీలో బ్లాక్ వాళ్ళు 1,098 మంది. కొన్ని వారాల్లో దాదాపు అందరూ పోయారు.

నాన్న ఉరి గురించి ఏం అనలేదు. "వాళ్ళ భూములేమయ్యాయి?" అన్నాడు.

ఇంటికొచ్చి నేనూ వెతికా. కొంతమంది వచ్చిన రేటుకి తెగనమ్ముకున్నారు, కొంతమంది అమ్మేదాకా ఆగలేక అట్లానే వదిలేసి పక్క కౌంటీలకి పారిపోయారు, గెయిన్స్‌విల్ వైపు చాలామంది వెళ్ళారు. వదిలేసిన వాటికి పక్కవాళ్ళు కంచె జరుపుకుని పన్నులు కట్టుకున్నారు. ఇక్కడి చట్టంలో 20 ఏళ్ళు బహిరంగంగా స్వాధీనంలో ఉంటే హక్కు వచ్చేస్తుంది, ఏదో ఒక కాగితం ఉంటే 7 ఏళ్ళే చాలు. ఇది చెప్తే నాన్న, "అంటే అనుభవదారు కాలమ్‌లో పేరెక్కించుకున్నారన్నమాట" అని, సర్వీసులో అసైన్‌మెంట్ భూములు ఇట్లానే చేతులు మారడం ఎన్ని చూశాడో ఆ రోజంతా చెప్తూనే ఉన్నాడు.

మా టీంలో రిటైర్మెంట్‌కి దగ్గరపడిన ఒక బ్లాక్ ఆవిడ ఉంది, గెయిన్స్‌విల్‌లో పుట్టి పెరిగింది. మా గృహప్రవేశానికి వచ్చి, పులిహోర రెండోసారి వడ్డించుకుని, నాలుగున్నరకే లేచింది. ట్రాఫిక్ అంది, నేనూ ట్రాఫికే అనుకున్నా. ఈ ఫలకం చూశాక లంచ్‌లో అడిగితే అప్పుడు చెప్పింది, చిన్నప్పుడు ఫోర్సైత్ మీదుగా వెళ్ళాల్సి వస్తే వాళ్ళ నాన్న ముందే ట్యాంక్ నింపుకుని పొద్దు కుంకేలోపు కౌంటీ దాటించేవాడట, మధ్యలో ఎక్కడా ఆపేవాడు కాదట. పాతకాలం కథ అనుకోకండి. 1987 జనవరిలో ఇక్కడ జాతి వివక్షకి వ్యతిరేకంగా చిన్న ఊరేగింపు చేస్తే రాళ్ళేసి కొట్టారు, వారం తర్వాత పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్, మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వాళ్ళతో ఓ 20 వేల మంది నేషనల్ గార్డ్ కాపలా మధ్య నడిచారు. 2020 లెక్కల్లో ఆసియా వాళ్ళం ఆరో వంతు దాటాం, బ్లాక్ వాళ్ళు ఐదు శాతం లోపే.

మిగతా దేశంలో చాలాచోట్ల గుర్రాలు అవసరం పడలేదు, బ్యాంకులు చాలు. 1930ల్లో గవర్నమెంట్ వాళ్ళే ఊళ్ళకి మ్యాపులు గీసి బ్లాక్ వాళ్ళుండే వీధులకి ఎర్ర రంగు వేశారు, గవర్నమెంట్ హామీ ఉన్న హోం లోన్లు అటు పోనివ్వలేదు, 1968లో చట్టం వచ్చేదాకా ఇళ్ళ విషయంలో ఈ వివక్షని నిజంగా ఆపే ఫెడరల్ చట్టం అమల్లో లేదు. సరిగ్గా ఆ 30 ఏళ్ళలోనే తెల్ల మధ్యతరగతి సొంతిళ్ళు కట్టుకుంది. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, బ్లాక్ కుటుంబానిది 44,900.

ఇక ఇక్కడ మన ఇండియన్ల ఇళ్ళ పార్టీల్లో వినపడే డైలాగ్, "మనం ఒక్క సూట్‌కేసుతో వచ్చి పైకి రాలేదా, వాళ్ళకేం రోగం" అని (వాళ్ళ గురించి మనవాళ్ళు వాడే మాట ఇక్కడ రాయను). నేనూ అన్నాను ఒకప్పుడు. 1946 నుంచి ఇండియాకి ఏడాదికి 100 మంది కోటా అండీ, అంతే. ఆ తలుపు తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం, బ్లాక్ వాళ్ళు రోడ్ల మీద దెబ్బలు తిని సివిల్ రైట్స్ చట్టం సాధించిన మరుసటేడు వచ్చింది. ఇక నా సూట్‌కేసు సంగతి. నా ఎంఎస్ మొదటి సెమిస్టర్ ఫీజుకి నాన్న అరెకరం అమ్మాడు. అమ్మడానికి ఆ అరెకరం ఉంది, పాస్‌బుక్‌లో తాత పేరు తర్వాత నాన్న పేరు ఉంది, రాత్రిపూట వచ్చి ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు.

నాన్న వెనక్కి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో కూడా అడిగాడు, మన ప్లాట్‌కి 1912 ముందు ఎవరి పేరుందో చూశావా అని. కౌంటీ రికార్డు రూమ్ వర్కింగ్ డేస్‌లోనే తీస్తారు, సెలవు పెట్టాలి. ఇంకా పెట్టలేదు.