జర్మనీలో కోంబీ కారు నిజంగా ఎంత తాగుతుంది?

నూరెంబర్గ్‌కు కొత్తగా వచ్చిన ఒక తమ్ముడి సందేహం ఇది. ఇద్దరు చిన్న పిల్లలు, ఆఫీసు ఎర్లాంగెన్‌లో, ఇంటి నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా కోంబీ (పొడుగు డిక్కీ ఉండే స్టేషన్ వ్యాగన్‌ను ఇక్కడ కోంబీ అంటారు) చూసుకున్నాడు. ప్రకటనలో డీజిల్ బండికి వంద కిలోమీటర్లకు 4.3 లీటర్లని రాసి ఉంది. అదే కారు నడిపే కొలీగ్ మాత్రం ఆరుకు తగ్గడం లేదంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి, డీజిల్ మంచిదా పెట్రోలా, లేక మనవాళ్లు చాలామంది కొంటున్నట్టు ఎస్‌యూవీకే వెళ్లాలా అని అడిగాడు. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు లెక్క సంగతి. మనకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడగడం అలవాటు. ఇక్కడ వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చూస్తారు, అంటే అంకె ఎంత తగ్గితే అంత మంచిది. వందను ఆ అంకెతో భాగిస్తే మన మైలేజీ వచ్చేస్తుంది. 5 లీటర్లంటే లీటరుకు 20 కిలోమీటర్లు, 6 అంటే 16.7, 8 అంటే 12.5. ఊళ్లో నాన్నగారు ఫోన్‌లో మైలేజీ ఎంత అని అడిగితే ఈ భాగహారం చేసి చెప్పండి. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు మాత్రం ఇక్కడి పద్ధతే వాడండి. 10 లీటర్ల బండి నుంచి 8 లీటర్ల బండికి మారితే వందకు రెండు లీటర్లు మిగులుతాయి. 5 నుంచి 4కు మారితే మిగిలేది ఒక్క లీటరే. మన పద్ధతిలో మొదటిది 10 నుంచి 12.5, రెండోది 20 నుంచి 25 కాబట్టి రెండోదే పెద్ద లాభంలా కనబడుతుంది. జేబుకు మాత్రం మొదటిదే ఎక్కువ ఉపయోగం.

ఇక ప్రకటనలోని అంకె. అది ల్యాబ్‌లో రోలర్ల మీద కారును నడిపి కొలిచిన అంకె. ఆ కొలత 2017 దాకా ఎన్ఈడీసీ అనే పాత పద్ధతిలో జరిగేది. మొత్తం 11 కిలోమీటర్లు, 20 నిమిషాలు, గరిష్ఠ వేగం 120, అదీ కొద్ది సెకన్ల పాటే. సగటు వేగం గంటకు 34 కిలోమీటర్ల దాకా ఉండేది. అలా ఎవరూ నడపరు కాబట్టి కాగితం మీది అంకెకూ రోడ్డు మీది అంకెకూ తేడా ఏటా పెరుగుతూ పోయింది. ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ యూరప్ కార్ల మీద పెట్టిన లెక్కల్లో 2001లో పది శాతం లోపే ఉన్న తేడా 2010ల మధ్యకు వచ్చేసరికి 40 శాతం దాకా వెళ్లింది. 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకు, 2018 సెప్టెంబరు నుంచి అన్ని కొత్త కార్లకు డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష వచ్చింది. ఇది 23 కిలోమీటర్లు, 30 నిమిషాలు, గరిష్ఠ వేగం 131. పాతదానికంటే చాలా నయం, అయినా ఇందులో కూడా ఏసీ వెయ్యరు. 2021లో రిజిస్టరైన కార్ల లోపలి మీటర్ల సమాచారం తెప్పించుకుని యూరోపియన్ కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. పెట్రోలు, డీజిల్ కార్ల అసలు వాడకం కాగితం మీదికంటే సుమారు 20 శాతం ఎక్కువని అందులో తేలింది. పెట్రోలుతో పాటు ప్లగ్‌తో ఛార్జ్ చేసే బ్యాటరీ మీద కూడా నడిచే ప్లగిన్ హైబ్రిడ్లలో అసలు వాడకం కాగితం మీది అంకెకు మూడున్నర రెట్లు. ఛార్జింగ్ పెట్టుకునే వీలు ఇంట్లో లేనివాళ్లు ప్లగిన్ హైబ్రిడ్ కోంబీ వైపు అసలు చూడొద్దు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇక్కడే ఒక చిక్కు ఉంది. 2015 నాటి కోంబీ ప్రకటనలో 4.2 అని, 2021 నాటి దాంట్లో 4.6 అని ఉన్నాయనుకోండి. పాతదే తక్కువ తాగుతుందని అనుకుంటారు. కానీ మొదటి అంకె పాత పరీక్షది, రెండోది కొత్త పరీక్షది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పాత పరీక్ష అంకెకు మూడో వంతు పైగా, కొత్త పరీక్ష అంకెకు ఆరో వంతో ఐదో వంతో కలుపుకుని చూడండి. అలా కలిపితే 4.2 కాస్తా 5.7 అవుతుంది, 4.6 ఐదున్నర దగ్గర ఆగుతుంది. మీ కొలీగ్ అబద్ధం చెప్పలేదు, కొంచెం వేగంగా నడుపుతున్నాడంతే.

దీనికంటే మంచి ఆధారం స్ప్రిట్‌మోనిటర్ అనే జర్మన్ వెబ్‌సైట్. మామూలు జనం తమ కారుకు పోసిన ప్రతి ట్యాంకు లెక్కనూ అందులో రాసుకుంటారు. మోడల్, ఇంజిన్, తయారైన ఏడు, గేరు రకం ఎంచుకుంటే ఆ బండి సగటున ఎంత తాగుతోందో చూపిస్తుంది. ఐసీసీటీ కూడా తన అధ్యయనాలకు దీన్నే ముఖ్యంగా వాడుకుంది. సగటు ఒక్కటే చూసి వదిలేయకండి, ఎక్కువమంది ఏ అంకెల మధ్య ఉన్నారో చూడండి. ఆక్టేవియా, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ వేరియంట్ లాంటి కోంబీల్లో 150 హార్స్‌పవర్ రెండు లీటర్ల డీజిల్ ఐదు నుంచి ఐదున్నర మధ్య, ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఆరు నుంచి ఆరున్నర మధ్య అనుకోవచ్చు.

ఇక్కడి నుంచి మీ దారి మాట్లాడుతుంది. ఒకే కారు, ఒకే డ్రైవరు, దారి మారితే అంకె మారిపోతుంది. నూరెంబర్గ్ నుంచి ఎర్లాంగెన్‌కు వెళ్లే ఏ 73 ఆటోబాన్ (హైవే) మీద పొద్దున్నే నత్తనడక ఉంటుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన ఇంధనం వేడిగా మారిపోతుంది, మళ్లీ వేగం అందుకోవడానికి కొత్తగా కాల్చాలి. ముందున్న బండికి దూరం పాటిస్తూ, కాలు ముందే తీసేసి దొర్లనిస్తే ఈ దారిలో అర లీటరు దాకా మిగులుతుంది.

పాస్‌పోర్టు పనికో, ఓసీఐ పనికో మ్యూనిక్ కాన్సులేట్‌కు ఏ 9 మీద వెళ్లేటప్పుడు కథ వేరు. దారిలో వేగ పరిమితి లేని ముక్కలు ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఒకసారైనా 180 చూడాలని ఉంటుంది, అది అర్థం చేసుకోగలను. కానీ గాలి నిరోధం వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. 130 నుంచి 160కి వెళితే గాలి వెనక్కి నెట్టే బలం ఒకటిన్నర రెట్లవుతుంది. 130 దగ్గర ఆరున్నర తాగే పెట్రోలు కోంబీ 160 దగ్గర ఎనిమిదిన్నర దాటుతుంది. కిండింగ్ దగ్గరి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. 170 కిలోమీటర్లలో దీనివల్ల కలిసొచ్చేది లెక్క ప్రకారం పావుగంట, ట్రాఫిక్‌లో అదీ మిగలదు. ఇంకో ముఖ్యమైన మాట. 130 అనేది 1978 నుంచీ ఇక్కడ సిఫారసు చేసిన వేగం. దాన్ని మించి వెళుతూ ప్రమాదంలో చిక్కుకుంటే, తప్పు అవతలివాడిదైనా కొంత భారం మీ మీద పడే అవకాశం ఉంది. పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని 120, 130 మధ్య క్రూయిజ్ కంట్రోల్ పెట్టి వెళ్లండి. ఆ వేగంలో కోంబీ ఎంత పొదుపుగా వెళుతుందో మీకే తెలుస్తుంది.

ఎక్కువ నష్టం చేసేది ఆటోబాన్ కాదు, చలికాలంలో దగ్గరి తిరుగుడు. జనవరిలో మైనస్ ఐదులో కారు తీసి, పాపను రెండు కిలోమీటర్ల దూరంలోని కిండర్‌గార్టెన్‌లో దింపి, ఆపి, మళ్లీ తీసి సూపర్ మార్కెట్‌కు వెళ్తే ఇంజిన్ ఒక్కసారి కూడా పూర్తిగా వేడెక్కదు. అలాంటి దూరాల్లో మామూలు వాడకానికి రెట్టింపు తాగడం వింతేమీ కాదు. ఇంజిన్ వేడెక్కాలని ఇంటి ముందు ఊరికే ఆన్ చేసి ఉంచడం ఇక్కడ నిషిద్ధం, 80 యూరోల దాకా జరిమానా పడవచ్చు. స్టార్ట్ చేసిన వెంటనే బయల్దేరి, మొదటి కిలోమీటర్లు మెల్లగా నడపడమే సరైన పద్ధతి. డీజిల్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే కొంతసేపు వేడిగా నడవాలి. రోజూ రెండేసి కిలోమీటర్లే తిరిగితే ఆ పని మధ్యలో ఆగిపోతూ ఉంటుంది, చివరికి వర్క్‌షాప్ బిల్లు అవుతుంది.

డీజిల్, పెట్రోలు లెక్క వేద్దాం. ఏడాదికి 15,000 కిలోమీటర్లు అనుకోండి. పెట్రోలు 6.3 చొప్పున 945 లీటర్లు, డీజిల్ 5.3 చొప్పున 795 లీటర్లు. తేడా 150 లీటర్లు. రెండూ లీటరు 1.70 యూరోలనుకుంటే 255 యూరోలు మిగిలాయి. కానీ బండి పన్నులో ఇంజిన్ సైజుకు ప్రతి 100 సీసీకి పెట్రోలుకు 2 యూరోలు, డీజిల్‌కు 9.50 కట్టాలి. రెండు లీటర్ల డీజిల్‌కు 190, ఒకటిన్నర లీటర్ల పెట్రోలుకు 30. కార్బన్ డయాక్సైడ్ మీద పడే పన్ను దీనికి అదనం, అది రెండింటికీ ఇంచుమించు దగ్గరదగ్గరే ఉంటుంది. అంటే ఇంధనంలో మిగిలిన దాంట్లో 160 దాకా పన్నుకే పోతుంది. చివరికి చేతిలో మిగిలేది వంద యూరోల లోపే. ఆ పైన ఇన్సూరెన్సు తేడా ఉంటుంది. పాత డీజిళ్లకు ఆంక్షలు పెట్టిన నగరాలున్నాయి, స్టుట్‌గార్ట్ 2019లోనే మొదలుపెట్టింది. కాబట్టి ఏడాదికి 20,000 కిలోమీటర్లు దాటి, అందులో ఎక్కువ భాగం ఆటోబాన్ అయితేనే డీజిల్ తీసుకోండి.

ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకు నేను చెప్పేది టయోటా కొరోలా టూరింగ్ స్పోర్ట్స్ హైబ్రిడ్. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలోకి తిరిగి తీసుకుంటుంది, ప్లగ్ అక్కర్లేదు. ఊళ్లో ఐదు లోపు తాగడం కష్టమేమీ కాదు. 140 మీద నడిపితే మాత్రం ఆ లాభమంతా పోతుంది.

ఎస్‌యూవీ గురించి. మన దగ్గర స్టేషన్ వ్యాగన్ ఎప్పుడూ నిలదొక్కుకోలేదు. టాటా ఎస్టేట్, బలేనో ఆల్టూరా, ఇండిగో మరీనా వచ్చాయి, వెళ్లిపోయాయి. అందుకే ఇక్కడికి వచ్చాక కోంబీని చూసి ఇదేదో పొడుగు డిక్కీ కారని పక్కన పెట్టేస్తారు. అదే ఇంజిన్ ఉన్న ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది, బరువు ఎక్కువ, గాలికి అడ్డం ఎక్కువ. ఆటోబాన్ మీద వందకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా అదనంగా తాగుతుంది. ఇప్పటి ఆక్టేవియా కోంబీ డిక్కీ 640 లీటర్లు. ప్రామ్, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల పెద్ద సూట్‌కేసులు, పది కిలోల బియ్యం బస్తాలు, అన్నీ పడతాయి. ఇంత డిక్కీ ఉన్నాక కారు నెత్తిన రూఫ్ బాక్స్ పెట్టాల్సిన పని రాదు. సెలవులకు ఒకసారి పెట్టినా ఇంటికి రాగానే దించేయండి, ఖాళీగా ఉన్నా 130 దగ్గర లీటరు దాకా అదనంగా లాగుతుంది.

చిన్న విషయాలు వరసగా చెప్పేస్తాను. టైర్లలో గాలి నెలకోసారి చూసుకోండి, చాలా బంకుల్లో మీరే పట్టుకోవచ్చు. 18 అంగుళాల చక్రాలు అందంగానే ఉంటాయి కానీ 16 అంగుళాలవే తక్కువ తాగుతాయి, వింటర్ టైర్ల ధర కూడా తక్కువ. ఆటోబాన్ మీది బంకులో పోయించకండి, దిగి పక్కనున్న ఊళ్లో పోయించుకుంటే లీటరుకు చాలా సెంట్లు తేడా. బంకుల ధరలన్నీ 2013 నుంచి ప్రభుత్వ విభాగానికి అప్పటికప్పుడు అందుతాయి, ఏ యాప్‌లోనైనా చూసుకోవచ్చు. ఈ 10 పెట్రోలు (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) కొన్ని సెంట్లు చవక, వాడకం ఒకటిన్నర శాతం దాకా పెరుగుతుంది, అయినా లాభమే. ట్యాంకు మూత లోపల ఈ 10 అని రాసి ఉందో లేదో చూసుకోండి.

కొన్నాక మీ బండి లెక్క మీరే కొలవండి. ట్యాంకు నిండా పోయించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. తర్వాతిసారి మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లను నడిచిన కిలోమీటర్లతో భాగించి వందతో హెచ్చించండి. డ్యాష్‌బోర్డు మీద కనబడే అంకె సాధారణంగా కొంచెం తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్ముకోకండి. ఒక్క ట్యాంకుతో తేల్చకుండా వేసవి, చలికాలం రెండూ చూడండి.

తమ్ముడి విషయానికొస్తే, ఇరవై కిలోమీటర్ల లోపు ఆఫీసు, దారిలో జామ్‌లు, చిన్న పిల్లల తిరుగుడు, నెలకో రెండు నెలలకో మ్యూనిక్. ఇందుకు 2019 తర్వాతి కొరోలా హైబ్రిడ్ కోంబీ మొదటి ఎంపిక, ధర కుదరకపోతే పెట్రోలు ఆక్టేవియా. ఆ డీజిల్ బండిని వదిలేయమనే నా సలహా. బండి కొనేముందు లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. ఇండియా లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలల దాకానే చెల్లుతుంది. తర్వాత థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు రెండూ పాసవ్వాలి, థియరీ ఇంగ్లిషులో రాయొచ్చు. డ్రైవింగ్ స్కూల్లో స్లాట్లు దొరకడానికి నెలలు పడుతుంది, ముందు దానికి పేరు రాయించుకోండి.