మొసళ్ళు తీసేసి పంపు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. పదో పేజీలో మొసలి నోరు తెరవగానే కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. కాఫీ తాగి వచ్చి మళ్ళీ మొదటినుంచి చదివాను. భాష బాగుంది. ఇక మొసళ్ళ సంగతి చూద్దాం.

1945 జనవరి 21న బర్మాలో అరకాన్ తీరంలో రమ్రీ దీవి మీద బ్రిటిష్ సైన్యాన్ని దించిన పడవల్లో మీ ముత్తాత ఉన్నాడు. అంతవరకు మీ అమ్మమ్మ సాక్ష్యం ఉంది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత వెయ్యి మంది జపాన్ సైనికులు మడ అడవిలోకి పారిపోతే మొసళ్ళు తినేశాయనీ, ఇరవై మందే మిగిలారనీ, ఆ కేకలు మీ ముత్తాత రాత్రంతా విన్నాడనీ రాశావు. ఇది ఆయన చెప్పింది కాదమ్మా, నువ్వు ఫోన్‌లో చదివింది. లోకంలో అందరూ ఇదే అంకెతో ఇదే కథ చెబుతారు. గిన్నిస్ పుస్తకం కూడా ఎక్కించుకుంది. చరిత్రకారులు లెక్కలు తీశాక అందులో పస లేదన్నారు. కొన్ని వందల మంది ఆ అడవి దాటి అవతలి ఒడ్డు చేరారు. చచ్చిపోయినవాళ్ళని ఎక్కువగా చంపింది తూటాలు, దాహం, జ్వరం, విరేచనాలు. చుట్టూ ఉప్పునీళ్ళు, మోకాలి లోతు బురద, దోమలు. మొసళ్ళు ఉండే ఉంటాయి, వాటికి దొరికింది అవి తినే ఉంటాయి. విరేచనాలతో పోయినవాడి గురించి రాయాలంటే కష్టం. మొసలైతే సులువు.

సరే, మొసలిని క్షమిస్తాను. పన్నెండో పేజీని మాత్రం క్షమించను. అక్కడ మీ ముత్తాత తుపాకీ పట్టుకుని పడవలోంచి ఒడ్డు మీదికి దూకాడు.

నావికుడు ఒడ్డు దిగడు. ఈ ఒక్క ముక్క కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

ఒడ్డు మీద దాడి అనగానే మీకందరికీ ఫ్రాన్స్‌లో నార్మండీ గుర్తొస్తుంది, సినిమాల పుణ్యమా అని. అందులో కెమెరా సైనికుడితో పాటు దిగిపోతుంది. పడవ ఏమైందో ఎవడికీ పట్టదు. సైనికుల్ని ఒడ్డుకి చేర్చే ఆ పడవని ఎల్.సి.ఎ. (ల్యాండింగ్ క్రాఫ్ట్ అసాల్ట్) అనేవాళ్ళు. నలభై అడుగుల పొడవు, బల్లపరుపు అడుగు, ముందు కిందికి దించే తలుపు. లోపల మూడు వరసల బల్లల మీద ముప్పై మందికి పైగా సైనికులు. నడిపేది నలుగురే. మన రేవుల్లో సరంగు అంటామే, అలాంటివాడు ముందువైపు ఇనప రేకుల గూట్లో నిలబడి చుక్కాని పడతాడు. ఇంజను దగ్గర ఒకడు. మిగతా ఇద్దరికీ తలుపు, తాళ్ళు, లంగరు. పడవకి ఇసుక తగిలాక సైనికులంతా దిగేదాకా మూతి ఒడ్డుకి ఆనించి ఉంచాలి. కెరటం వెనక నుంచి తోస్తుంది. కాస్త పక్కకి తిరిగిందా, అడ్డం పడుతుంది. అడ్డం పడ్డ పడవని తర్వాతి కెరటం తిరగేస్తుంది. అందుకే ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వెనక లంగరు వదులుతారు. దాని తాడు పట్టుకునే మళ్ళీ నీళ్ళలోకి లాక్కోవాలి. ఆటు మొదలైతే పడవ అక్కడే ఎండిపోతుంది. ఇదంతా నెత్తిమీద క్వీన్ ఎలిజబెత్ యుద్ధనౌక 15 అంగుళాల ఫిరంగులు పేలుస్తుండగా జరగాలి. రమ్రీలో ఒడ్డున ఎదురుకాల్పులు పెద్దగా లేవు కానీ నీళ్ళలో మందుపాతరలున్నాయి. ఒక మోటార్ లాంచీకి, ఒక పడవకి తగిలాయి. నీ కథలో ఆ మందుపాతరలు లేవు. మొసళ్ళకి చోటు చాలలేదు కాబోలు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే మా పెదనాన్న ఆ పనే చేశాడు కాబట్టి. సైనికులంతా దిగిపోయాక పడవ ఒక్కసారి పైకి లేచేదట. "బరువు పోయింది కదరా, అరికాళ్ళకి తెలుస్తుంది" అనేవాడు. యుద్ధం గురించి ఆయన నోటివెంట వచ్చిన మంచి వాక్యం అదొక్కటే. అది నా కథలో పెట్టలేదు. ఏం పెట్టానో చెబుతాను విను.

మా తాత రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావాళ్ళు రంగమే అనేవాళ్ళు. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. 1942లో జపాన్ వాళ్ళొచ్చాక వేలమంది కాలినడకన ఇండియాకి బయల్దేరారు. తిరిగొచ్చినవాళ్ళలో మా తాత లేడు. పెదనాన్న నేవీలో చేరడానికి అదే కారణమని మా నాన్న నమ్మకం. జీతం కోసం చేరానని పెదనాన్న అనేవాడు. 1945 మే 2న రంగం మీదికి పడవలు వెళ్ళాయి. అంతకు ముందు రోజు నది మొగ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో గూర్ఖాలని పారాచూట్లతో దింపారు. వాన, చీకటి, గంటల తరబడి ప్రయాణం, పడవ నిండా వాంతులు. తీరా చూస్తే జపాన్ వాళ్ళు అప్పటికే ఊరు ఖాళీ చేసి పోయారు. రంగం జైల్లో ఉన్న యుద్ధఖైదీలు ఆ సంగతి జైలు కప్పు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. పెదనాన్న పడవ నది ఒడ్డు బురదకి ఆనింది. ఊరు ఇంకా పైన ఉంది, వానలో ఏమీ కనపడలేదు. సైనికులు దిగారు. పడవ లేచింది. లంగరు తాడు లాక్కుని వెనక్కి వచ్చేశాడు, రెండో విడత వాళ్ళ కోసం.

కథంటే అదీ. ఇరవై ఆరేళ్ళప్పుడు రాసి ఒక వారపత్రికకి పంపాను. సంపాదకుడు పిలిపించాడు. ఫ్యాను తనవైపు తిప్పుకుని, "యుద్ధం కథలో యుద్ధం ఏదయ్యా?" అన్నాడు. ఒక కత్తిపోటు, ఒక నర్సు, వీలైతే తండ్రీకొడుకుల కలయిక కావాలన్నాడు. దీపావళి సంచిక పోటీ కూడా ఉందన్నాడు. నర్సుని వద్దన్నాను, అదే పెద్ద పౌరుషం అనుకున్నాను. మిగతా రెండూ రాసిచ్చాను. పెదనాన్న పడవ దిగి, ఇద్దరిని పొడిచి, మిల్లు వెనక పాకలో తండ్రిని కనుక్కున్నాడు. రెండో బహుమతి వచ్చింది. పత్రిక తీసుకెళ్ళి ఆయనకే చదివి వినిపించాను. అంతా విని చాలాసేపు చుట్ట కాల్చుకుని, "మరి పడవ ఎవడు పట్టుకున్నాడ్రా?" అన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. నేవీ గురించి నా దగ్గర మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ సంపాదకుడికి తర్వాత చాలా సన్మానాలు జరిగాయిలే. ఇప్పుడు నర్సులు పోయారు, మొసళ్ళు వచ్చాయి. అన్నట్టు, కథంతా "చూస్తాడు, నడుస్తాడు, వింటాడు" అని ఎందుకు రాశావు? ఈమధ్య ప్రతివాడూ ఇలాగే రాస్తున్నాడు, క్రికెట్ కామెంటరీలాగా. ఎనభై ఏళ్ళ కిందట జరిగిపోయింది కదా, జరిగిందని రాస్తే ఏం పోయింది?

ఇప్పుడు రెండో పేజీ. "ముత్తాతకి కుడిచేతి రెండు వేళ్ళు లేవు, తూటా తీసుకుపోయింది" అని ఒక్క వాక్యం రాసి దాటేశావు. రెండోసారి చదువుతూ అక్కడే ఆగిపోయాను. పెదనాన్న పడవలో వెనక లంగరు తాడు చూసుకునే కుర్రాడొకడు ఉండేవాడు. కెరటం పడవని లాగినప్పుడు తాడు బిగుసుకుంది, గుంజకీ తాడుకీ మధ్య వాడి చెయ్యి ఉంది. వాడికీ రెండు వేళ్ళే పోయాయి. వాడే మీ ముత్తాత అనడంలేదు. ఆ పడవల్లో అలాంటి చేతులు చాలానే ఉంటాయి. మీ అమ్మమ్మని అడుగు. తూటా అని ఆయన నోటితో చెప్పాడా, మీ ఇంట్లోవాళ్ళే అనుకున్నారా? ఆయన అన్నం ఎలా కలుపుకునేవాడో, చొక్కా గుండీలు ఎవరు పెట్టేవాళ్ళో, తాడు కనపడితే ఏం చేసేవాడో అడుగు. మొహమాటపడకు.

1946 ఫిబ్రవరిలో బొంబాయిలో తల్వార్ అనే నేవీ శిక్షణ కేంద్రం దగ్గర మొదలైన నావికుల తిరుగుబాటప్పుడు ఆయన ఎక్కడున్నాడో కూడా అడుగు. తిండి బాగాలేదని మొదలై బ్రిటిష్ జెండాలు దించేదాకా వెళ్ళింది అది. నీ కథలో పెట్టమని కాదు, నాకు తెలుసుకోవాలని ఉంది.

ఏ పత్రికకి పంపాలో, పుస్తకంగా వేస్తే ఎంతవుతుందో అడిగావు. వాటికి ఇప్పుడు ఓపిక లేదు.

పదో పేజీ నుంచి చివరిదాకా కొట్టేశాను, నీ ప్రతి దీంతోపాటే పంపుతున్నాను. మళ్ళీ రాశాక స్పీడ్ పోస్టులో పంపు. కొరియర్ కుర్రాడు మా మెట్లెక్కడు, కింద దుకాణంలో పడేసి పోతాడు. అక్షరాలు కాస్త పెద్దవి వేయించు.