బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత నర్సే చూస్తుందంటున్నారు, నమ్ముకోవచ్చా?

మీ వారు 128 కిలోలు, షుగర్ ఉంది, హైదరాబాద్‌లో స్లీవ్ ఆపరేషన్‌కి మాట్లాడుకున్నారు. సర్జన్ గారు తర్వాత రెండు మూడు సార్లే చూస్తారట, మిగతాదంతా కోఆర్డినేటర్ నర్సు ఫోన్లో చూసుకుంటుందట. లక్షలు కట్టి నర్సు చేతిలో పెట్టడమేంటని, ఆమె సొంతంగా మందులు మార్చేస్తుందేమోనని అడిగారు. మూడేళ్ల కిందట నాకు ఇదే ఆపరేషన్ అనుకున్నప్పుడు మా ఆయన కూడా అచ్చం ఇదే మాట అన్నారు. ఇప్పుడు నన్నడిగితే, ఆ నర్సుతో ఒకసారి కూర్చుని మాట్లాడాకే డబ్బు కట్టండి అంటాను.

నాది ఖమ్మం. అప్పుడు 112 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 45 దగ్గర, షుగర్, మోకాళ్ల నొప్పులు. స్లీవ్ అంటే జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు, మిగిలేది అరటిపండంత గొట్టం. సర్జన్ గారు ఆ పని గంటన్నరలో చక్కగా చేశారు, ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను. ఆ గొట్టంతో ఎలా బతకాలో నేర్పింది మాత్రం అక్కడి కోఆర్డినేటర్ సిస్టరే.

సిస్టర్‌ది కేరళ, హైదరాబాద్ వచ్చి పదేళ్లట. ఆపరేషన్‌కి మూడు వారాల ముందు నలభై నిమిషాలు కూర్చోబెట్టింది. "రాత్రి పదింటికి, ఎవరూ చూడనప్పుడు ఏం తింటారు?" అని అడిగింది. అప్పటిదాకా ఏ డాక్టరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. మిక్చర్ ప్యాకెట్ అన్నాను. "నేనూ తింటా" అని నవ్వి, రాసుకుంది. ఎలాగూ ఇక తినలేను కదా అని ఆ వారమంతా నేను బిర్యానీలు లాగిస్తున్న సంగతి కూడా ఆ మాటల్లోనే బయటపడింది. లివర్‌కి కొవ్వు పట్టి ఉబ్బి ఉంటే అది జీర్ణాశయానికి అడ్డం పడుతుంది, లోపల పని చేయడం కష్టమవుతుంది, అందుకే ముందు రెండు వారాలు అన్నం మానేసి ప్రోటీన్ ఎక్కువున్న పలుచటి ఆహారం తీసుకోమనేది అని విడమర్చి చెప్పింది. దగ్గుమందు మూత లాంటి 30 ఎం.ఎల్. కప్పు చేతిలో పెట్టి, ఇప్పటి నుంచే గుక్కలుగా తాగడం అలవాటు చేసుకోమంది.

ఆసుపత్రిలో మూడు రోజుల గురించి చెప్పేందుకు పెద్దగా ఏం లేదు. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నడిపించారు, మూడు బంతుల గొట్టం ఇచ్చి గాలి పీల్చమన్నారు. అసలు కథంతా ఇంటికొచ్చాకే.

మొదటి వారం రోజూ ఫోన్ చేసేది. బాగున్నారా అనే మాటే ఉండదు. పల్స్ ఎంత, ఎన్ని కప్పులు తాగారు, మూత్రం ఏ రంగులో ఉంది, ఎంతసేపు నడిచారు. పల్స్ 120 దాటినా, జ్వరం వచ్చినా, ఎడమ భుజం నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా కుట్ల దగ్గర లీక్ కావచ్చని ముందే చెప్పింది. "అప్పుడు నాకు వాట్సాప్ పెట్టొద్దు, ఏ టైమైనా బయల్దేరి వచ్చేయండి" అంది.

మీ వారికి షుగర్ ఉంది కాబట్టి ఈ సంగతి కాస్త జాగ్రత్తగా చదవండి. తొమ్మిదో రోజు పొద్దున చెమటలు, చేతులు వణుకు. గ్లూకోమీటర్‌లో చూస్తే షుగర్ 68కి పడిపోయింది. నీరసం అనుకుని పడుకోబోతుంటే సిస్టర్ ఫోన్ వచ్చింది. గ్లూకోజ్ నీళ్లు గుక్క గుక్కగా తాగమని, తాగేదాకా లైన్లోనే ఉంది. తర్వాత "ఏ మాత్ర వేసుకున్నారు? స్ట్రిప్ ఫోటో పెట్టండి" అంది. చూస్తే అది డిశ్చార్జ్ కాగితంలో ఆపేయమని రాసిన షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్, పాత అలవాటు కొద్దీ వేసుకున్నాను. తిండి అంత తగ్గాక పాత మోతాదు ప్రమాదమే. పావుగంటలో సర్జన్ గారితో మాట్లాడి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆయన మాటగా మళ్లీ ఫోన్లో చెప్పింది. నర్సు సొంతంగా మందులు మారుస్తుందేమో అన్నారు కదా, నా విషయంలో అలా ఒక్కసారి కూడా జరగలేదు. ఎప్పుడు డాక్టర్‌ని లేపాలో ఆమెకు తెలుసు, నాకు తెలియదు.

మూడో వారంలో రెండు రోజులు వాంతులు. ఈ ఆపరేషన్‌కి ఇవి మామూలే అనుకున్నా. ఆమె మాత్రం పెరుగన్నం ఎన్ని నిమిషాల్లో తిన్నారు, నీళ్లు ఎప్పుడు తాగారు అని పోలీసులా ఆరా తీసింది. అయిదు నిమిషాల్లో తిని వెంటనే నీళ్లు తాగాను. తిన్న అరగంట దాకా నీళ్లు ముట్టకూడదని ముందే చెప్పింది, మర్చిపోయాను. వాంతులు అలాగే సాగితే బి1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతింటాయట, రేపటికి ఆగకపోతే వచ్చి సెలైన్, ఇంజెక్షన్ చేయించుకోవాలంది. ఆగిపోయాయి.

మా అత్తయ్య గొడవ వేరు. నాలుగు ముద్దలతో లేచిపోతున్నానని కళ్లనీళ్లు పెట్టుకునేది, నేను చూడకుండా చారులో నెయ్యి కలిపేది. సిస్టర్ ఆవిడతోనూ తన మలయాళ యాసలో మాట్లాడింది. "అమ్మా, నెయ్యి వద్దు, గుడ్డు పెట్టండి." ఆ రోజు నుంచి అత్తయ్యే గుడ్లు, పెసరకట్టు, పనీర్ లెక్కేసి ప్రోటీన్ 60 గ్రాములు అయిందా లేదా అని నన్ను నిలదీసేది. నాలుగో నెలలో జుట్టు కుచ్చులుగా ఊడితే ఆవిడే కంగారుపడింది, నేను పడలేదు. ఎప్పుడు ఊడుతుందో సిస్టర్ ముందే చెప్పి ఉంచింది.

ఇక చేదు సంగతి. ఎనిమిదో నెలలో ఆమె ఐర్లండ్ వెళ్లిపోయింది. ఆ స్థానంలో ఎవరినీ పెట్టలేదు. అదే నంబర్‌కి చేస్తే ఒకబ్బాయి ఎత్తి, తెలిసిన వాళ్లెవరైనా ఆపరేషన్‌కి ఉన్నారా అని అడిగేవాడు. అడిగేవాళ్లు లేక నేనూ బద్ధకించాను. బి12, ఐరన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలని తెలిసీ ఏడాదిపాటు మానేశాను. అరికాళ్లు తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే బి12 బాగా తక్కువ, హిమోగ్లోబిన్ 8.9. 74 దాకా దిగిన బరువు 79కి వచ్చింది. తప్పు నాదీ ఉంది, కానీ నెలకో ఫోన్ వచ్చి ఉంటే అక్కడిదాకా వెళ్లేది కాదు.

అందుకే వెళ్లినప్పుడు ఆ నర్సునే కలుస్తామని పట్టుబట్టండి. బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్) పేషెంట్లను ఎన్నాళ్లుగా చూస్తోంది, రాత్రిపూట ఆ నంబర్ ఎవరు ఎత్తుతారు, ఆమె సెలవు పెడితే ఎవరు, ఎన్నేళ్లు ఫోన్ చేస్తారు, రక్తపరీక్షలు ఎప్పుడెప్పుడు అని అడగండి. మార్కెటింగ్ వాళ్లే జవాబులు చెబుతుంటే ఇంకో ఆసుపత్రి చూడండి. మీ వారు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో కొనేవి కూడా, మా వీధి ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌ని సిస్టర్ మొదటి రోజే బంద్ చేయించింది.

ఆమె రాసిచ్చిన కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. కావాలంటే కింద అడగండి, ఫోటో తీసి పెడతాను.