తోజాయ్ లైను ఎక్కబోయే మేనల్లుడికి

చి. కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. టోక్యోలో ఇల్లు నిషికసాయ్‌లో కుదిరిందని, ఆఫీసు ఓతెమాచిలో అని మీ అమ్మ చెప్పింది. అంటే నేను పద్దెనిమిదేళ్లు ఎక్కి దిగిన తోజాయ్ లైను మెట్రో రైలే నీకూ రాసిపెట్టి ఉంది. కందిపప్పు ఎక్కడ దొరుకుతుందని అడిగావట. స్టేషను దిగితే మనవాళ్లే చూపిస్తారు, దానికి నా ఉత్తరం అక్కర్లేదు. రైలు సంగతే రాస్తాను.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ‘కైసొకు’ బండి ఎక్కకు. అది వేగబండి. ఓతెమాచి నుంచి తోయోచో దాకా ప్రతి స్టేషనులోనూ బుద్ధిగా ఆగి మనల్ని నమ్మిస్తుంది. అక్కడి నుంచి ఉరయాసు దాకా ఇక ఆగదు. మొదటి వారంలోనే నా స్టేషను కిటికీలోంచి వెనక్కి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. నది దాటి, టోక్యో కూడా దాటి, చిబాలో తేలాను. అందుకని బోర్డు మీద చివరి స్టేషను పేరు చూసి కంగారుపడకు, బండి రకం చూసుకో. ‘కకుఎకి తేయ్‌షా’ అంటే అన్ని స్టేషన్లలోనూ ఆగేది. నీది అదే.

ఇక ఉదయం. సీటో, పట్టుకోవడానికి పైనుంచి వేలాడే ఉంగరమో, కడ్డీయో అందరికీ దొరికితే 100 శాతం రద్దీ అని అక్కడి లెక్క. 2019లో కిబా, మొన్జెన్‌నకాచో మధ్య మన లైను 199 శాతం నమోదు చేసి దేశంలో మొదటి వరుసలో నిలిచింది. కరోనా తర్వాత తగ్గిందంటారు కానీ, ఎనిమిది గంటల బండి ఎనిమిది గంటల బండే. ఏడున్నర లోపల బయలుదేరు. వీపు సంచిని ముందుకు వేసుకో. తలుపు దగ్గర నిలబడితే ప్రతి స్టేషనులోనూ కిందికి దిగి, పక్కకు జరిగి, దిగేవాళ్లకు దారిచ్చి మళ్లీ ఎక్కాలి. దిగకుండా అతుక్కుపోయినవాణ్ని ఎవరూ ఏమీ అనరు, అందరూ చూస్తారు. నాకైతే తిట్టినా బాగుండేదనిపించేది. కొన్ని పెట్టెల తలుపులు మిగతావాటికన్నా వెడల్పుగా కనిపిస్తాయి. మామూలువి 1.3 మీటర్లు, అవి 1.8. ఎక్కడం దిగడం త్వరగా ముగియాలని 1991 నుంచి ఈ లైనులోకి తెచ్చిన ఏర్పాటు అది.

ఇంత జనం ఎందుకంటే, ఈ లైను పుట్టిందే పక్కనున్న సోబు లైను కిక్కిరిసిపోతోందని. 1964 డిసెంబరులో తకదనొబబ నుంచి కుదన్‌షిత దాకా చిన్న ముక్కగా మొదలై, 1969 మార్చికి నిషిఫునబాషి చేరింది. అప్పటికి కసాయ్ వైపు ఊళ్లు పలచన. నోరి అనే సముద్రపు నాచు పెంచి బతికిన తీరం అది. రైలు వచ్చాక ఇళ్లు వచ్చాయి, ఇళ్లు వచ్చాక రైలు చాలలేదు. మన నిషికసాయ్ స్టేషను 1979 అక్టోబరులో గానీ తెరవలేదు. 2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల గొడవ సరిచేయడానికి వచ్చిన భారతీయ ఇంజనీర్లు, ఓతెమాచి ఆఫీసులకు ఒకే బండిలో పోవచ్చని ఇక్కడ ఇళ్లు తీసుకున్నారు. వాళ్ల వెనక నేను, నా వెనక నువ్వు.

గాలి వీచే రోజు ఇంకొంచెం ముందే బయలుదేరు. మన స్టేషను దాటగానే బండి అరకవా, నకగావా నదుల మీది పొడవాటి వంతెన ఎక్కుతుంది. 1978 ఫిబ్రవరి 28 రాత్రి ఆ వంతెన మీద సుడిగాలి ఒక రైలు చివరి రెండు పెట్టెలను పడదోసింది. ప్రాణాలు పోలేదు, మనుషులు గాయపడ్డారు. గాలి ఉధృతంగా ఉంటే బండ్లు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. అప్పుడు స్టేషనులో ‘చియెన్ షోమేయ్‌షో’ అడిగి తీసుకో. బండి ఆలస్యమైందని వాళ్లే ఇచ్చే చీటీ అది. ఆఫీసులో నీ మాటకన్నా దానికి విలువ ఎక్కువ.

ఒక పని తప్పకుండా చెయ్యి. మొదటి నెలలో ఒక ఆదివారం ఓతెమాచి నుంచి తోయోచో దాకా నడు. రైలు నేల కింద వెళ్లే దారిలోనే చాలా మేరకు పైన ఎయ్‌తాయ్‌దోరి అనే రోడ్డు ఉంది. 2011 మార్చి 11న భూకంపం వచ్చి రైళ్లు ఆగిపోతే, ఆ రోడ్డు మీద ఇంటికి దాదాపు పది కిలోమీటర్లు నడిచాను. ఎనిమిదేళ్లుగా స్పీకరులో విన్న పేర్లు ఆ రాత్రి ఒక్కొక్కటే ఊళ్లయ్యాయి. నిహొన్‌బాషి, కయబాచో, సుమిద నది మీద ఎయ్‌తాయ్ వంతెన, ఆ తర్వాత మొన్జెన్‌నకాచో. కిబా అంటే కలప అడితి అట, ఒకప్పుడు దుంగలు అక్కడి కాలవల్లో తేలుతుండేవట. పక్కన నడుస్తున్న ముసలాయన చెప్పాడు. నాకు భాష సగమే అర్థమైంది, చేతులతో దుంగ దొర్లించి చూపించాడు. నువ్వు భయంతో కాకుండా తీరిగ్గా నడు.

మీ అత్తయ్య నీ చేత ఆవకాయ సీసా పంపుతోంది, ఓతెమాచిలో నా పాత స్నేహితుడికి ఇవ్వాలి. ఆదివారం నడకకే పట్టుకెళ్లు. ఎనిమిది గంటల బండిలో ఒకసారి నా సంచిలోని సీసా మూత వదులై, ఎదుటివారి తెల్ల చొక్కా మీద నూనె పడింది. ఆయనే నాకు రెండుసార్లు క్షమాపణ చెప్పాడు.

మామయ్య