గేమింగ్ కంప్యూటర్ షాపు: ధరతో పాటు వారంటీ కూడా చదువు తమ్ముడూ

తమ్ముడూ, విజయనగరం నుంచి ఇంగ్లండ్ వచ్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే 700 పౌండ్లలో గేమింగ్ కంప్యూటర్ కట్టించుకోవాలి, ఏ షాపు మంచిది అని అడిగావు. ఏ గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలో మీ వయసు పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. డబ్బు ఎక్కడ జారిపోతుందో మాత్రం మీకు తెలీదు. 700 పౌండ్లంటే మన లెక్కలో 70 వేల పైమాట. అది నాన్నగారు లోను పెట్టి పంపిన డబ్బైతే దాని మీద వడ్డీ కూడా కలుపుకో.

నేను శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో ధర ఒక్కటే చూశాను. ఆన్‌లైన్‌లో ఓ చిన్న కంపెనీ అందరికంటే తక్కువ చూపించింది. తీరా ఆర్డర్ పెట్టబోతే వైఫై కార్డు వేరు, విండోస్ వేరు, డెలివరీ వేరు. రౌటరేమో కింద హాల్లో, నా గదేమో పైన. వైఫై లేకుండా ఎలా? ఒక్కొక్కటీ కలుపుతూ పోతే తక్కువ ధర కాస్తా మిగతా షాపుల ధరకి వచ్చేసింది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే కొంచెం తగ్గిస్తామన్నారు. వెంటనే పంపేశాను.

కొన్నాళ్లు బాగానే నడిచింది. క్రిస్మస్ సెలవుల్లో ఓ రాత్రి ఆట మధ్యలో టప్‌మని ఆగిపోయింది, కాలిన ప్లాస్టిక్ వాసన. పక్క అద్దం విప్పి చూస్తే పవర్ సప్లై (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) మీద '600 వాట్లు' అన్న స్టిక్కర్ తప్ప తయారుచేసినవాడి పేరే లేదు. ఆర్డర్ కాగితంలోనూ అంతే ఉంది. ధర తగ్గించాలంటే కంప్యూటర్ కట్టేవాళ్ల చెయ్యి మొదట పడేది పవర్ సప్లై మీదే. ఎందుకంటే కొనేవాళ్లందరూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పేర్లే చూస్తారు.

'మూడేళ్ల వారంటీ' అని పెద్ద అక్షరాల్లో వేశారు కదా అని ఫోన్ చేశాను. మూడేళ్లు కూలికేనట. విడిభాగాలకి ఒక్క ఏడాదే. ఇంటికొచ్చి తీసుకెళ్లేది మొదటి నెల మాత్రమే. కొరియర్ ఖర్చు నాదే అన్నారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కొన్నదైతే స్కూటర్ మీద పెట్టుకెళ్లి, బాగుచేసేదాకా షాపులోనే కూర్చుంటాం. ఇక్కడ అలా కుదరదు. అట్టపెట్టె అప్పటికే పారేశాను కాబట్టి కొత్త పెట్టె, ఫోమ్ కూడా కొన్నాను. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు అందులోనే పోయింది.

అసలు ఆ కొరియర్ నేను కట్టక్కర్లేదు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపం ఉన్న వస్తువుని 30 రోజుల్లోపు తిరిగిచ్చి డబ్బు అడగొచ్చు. ఆరు నెలల్లోపు పాడైతే లోపం ముందునుంచీ లేదని షాపువాడే రుజువు చేసుకోవాలి, బాగుచేసే ఖర్చూ వాడిదే. 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉన్న వస్తువుని క్రెడిట్ కార్డుతో కొంటే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీ కూడా బాధ్యత వహిస్తుంది. వివరాలు ప్రభుత్వ సైట్లో ఉంటాయి, చదువుకో. కొత్తవాళ్లకి క్రెడిట్ కార్డు సులువుగా రాదు, అందుకని డెబిట్ కార్డుతోనైనా కట్టు, చార్జ్‌బ్యాక్, అంటే షాపుకి కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే దారి ఉంటుంది. ఎంత తగ్గిస్తామన్నా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మాత్రం వద్దు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. విడిభాగాల ధరలు పోల్చి చూపించే పీసీపార్ట్‌పికర్ సైట్లో యూకే ఎంచుకుని నీకు కావలసిన విడిభాగాలన్నీ వేసి మొత్తం ఎంతవుతుందో చూడు. తర్వాత బోల్టన్‌లోని స్కాన్ లాంటి, నేరుగా వెళ్లగలిగే షాపు ఉన్న రెండు మూడు చోట్ల అదే కంప్యూటర్‌కి ధర తీసుకో. వ్యాట్ 20 శాతం కలిపి చూడు. కొన్ని సైట్లు వ్యాట్ లేకుండా చూపిస్తాయి, అక్కడ 583 కనిపిస్తే నువ్వు కట్టేది 700. పవర్ సప్లై కంపెనీ, మోడల్ రాసివ్వమను. రాసివ్వకపోతే ఆ షాపు వదిలెయ్. ఆన్‌లైన్‌లో కొన్నవాటిని 14 రోజుల్లో వద్దనుకోవచ్చు గానీ, ప్రత్యేకంగా తయారుచేయించుకున్న వస్తువుకి ఆ హక్కు వర్తించదని కొన్ని షాపులు వాదిస్తాయి. వాళ్ల మాట ముందే ఈమెయిల్లో తీసుకో. రెండో ఏడాది పాడైతే కొరియర్ ఎవరిది, విడిభాగం ఖర్చు ఎవరిది? ఈ రెండింటికీ సూటిగా జవాబిచ్చిన షాపుకి 30, 40 పౌండ్లు ఎక్కువైనా పర్వాలేదు. పెట్టె పారెయ్యకు.

వాయిదాల జోలికి వెళ్లకు. కాలేజీ జరుగుతున్నప్పుడు స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని. ఆ జీతంలో అద్దె పోగా వాయిదా కట్టడం ఎంత టెన్షనో నేను దగ్గరుండి చూశాను.

ఆ దెబ్బ తర్వాత విడిభాగాలు కొనుక్కుని నేనే బిగించడం నేర్చుకున్నాను. ఇప్పుడు మన జిల్లాల పిల్లలు ఎవరొచ్చినా మా డైనింగ్ టేబుల్ మీదే కంప్యూటర్ తయారవుతుంది. ప్రతి విడిభాగానికీ దాని కంపెనీ వారంటీ విడిగా ఉంటుంది, కట్టినందుకు కూలీ మిగులుతుంది. నువ్వూ రావచ్చు. కాకపోతే ముందు యూనివర్సిటీ ఫీజు రెండో వాయిదా ఎప్పుడో చూసుకుని ఆ డబ్బు పక్కన పెట్టు. మిగిలింది ఎంతో చెప్పు, దాన్నిబట్టి లిస్టు రాద్దాం.