ఫోటో కంపోజిషన్ పిల్లలకు ఎలా నేర్పాలి?

రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫోటోను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టాలనే సూత్రం) చెప్పి, ఫోన్‌లో ఆ గీతలు చూపే గ్రిడ్ పెట్టించినా పిల్లల ఫోటోలు మారలేదని అడిగారు. మారవు. ఆ గీతలు దేన్ని ఎక్కడ పెట్టాలో చెబుతాయి గానీ, దేన్ని వదిలేయాలో చెప్పవు. అసలు ఆ సూత్రం కెమెరా కోసం పుట్టింది కూడా కాదు. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు ప్రకృతి దృశ్యాలు గీయడం గురించి రాసింది.

మాది ఒడిశాలో బరంపురం. నేనైతే పిల్లల్ని పొద్దున్నే గోపాల్‌పూర్ తీరానికి తీసుకెళ్తాను. అక్కడ జాలర్లు చాలామంది తెలుగువాళ్లే, అడిగితే కాదనరు (అడక్కుండా తీయకూడదు, అది వేరే పాఠం). ఒక పడవ, ఒక మనిషి, పదే ఫోటోలు. జూమ్ ముట్టుకోకూడదు, కాళ్లతోనే జరగాలి. నిలబడి తీస్తే వెనక సముద్రం గీత మనిషి మెడ దగ్గర అడ్డంగా పడుతుంది. మోకాళ్ల మీద కూర్చుంటే అదే గీత నడుము దగ్గరికి దిగి, తల ఆకాశంలో విడిగా నిలుస్తుంది. పక్కకు ఒక్క అడుగు వేస్తే నెత్తిమీద మొలిచినట్టున్న కొయ్య కూడా పోతుంది. ఈ తేడా గ్రిడ్ చూపించదు.

తర్వాత ఫోటోలు చూసేటప్పుడు "బాగుంది" అనను. "మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?" అని మిగతా పిల్లల్ని అడుగుతాను. ఒకసారి అందరూ మూలనున్న నీలం ప్లాస్టిక్ బకెట్ అన్నారు. తీసినవాడికి అసలు బకెట్ ఉన్నట్టే తెలియదు. అప్పట్నుంచి వాడు నొక్కేముందు నాలుగు అంచులూ చూసుకుంటున్నాడు.